దేవుడు దాటని సరస్సు

సాకురా పూల ముఖచిత్రం కోసం వెదికితే చేతికి చిక్కింది ఒక మంచు ఖాతా

జనవరి మొదటి వారం నుంచి ఫిబ్రవరి 3, 4 తేదీల దాకా, మనం భోగి మంటలు వేసుకునే రోజుల్లో, జపాన్‌లోని నాగానో ప్రాంతంలో కొందరు చీకటి విడవకముందే సువా సరస్సు ఒడ్డుకు చేరతారు. సమయం ఉదయం ఆరున్నర. యాత్సురుగి మందిరం అర్చకుడు, ఊరి భక్తులు. గాలి ఎంత చల్లగా ఉందో, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో కొలుస్తారు. మంచు పొర కట్టి ఉంటే మందం చూస్తారు. ఏమీ లేకపోతే, లేదని రాసుకుని ఇళ్లకు వెళతారు.

ఈ వారానికి సంపాదకులు అడిగింది జపాన్ నాలుగు రుతువులు, ముఖచిత్రంగా సాకురా. గడువు శుక్రవారం. కానీ సాకురా గురించి రాయనివారెవరు? సువా సరస్సు ఖాతా ముందు పూలు కాస్త వెలవెలబోయాయి.

సముద్రమట్టానికి 759 మీటర్ల ఎత్తున, 13 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న సరస్సు ఇది. లోతు తక్కువ కాబట్టి గట్టి చలి వరసగా కొన్నాళ్లు పడితే ఈ చివర నుంచి ఆ చివరకు గడ్డకడుతుంది. రాత్రి చలికి ఆ గడ్డ ముడుచుకుని పగుళ్లిస్తుంది. పగుళ్లలోకి వచ్చిన నీరూ గడ్డకడుతుంది. పొద్దెక్కి మంచు వ్యాకోచిస్తే చోటు చాలక, పెళపెళమని పైకి లేచి గట్టులా నిలబడుతుంది. సరస్సు మీద అడ్డంగా పొలంగట్టు వేసినట్టే ఉంటుంది.

దాన్ని 'ఓమివతారి' అంటారు, దేవుడు దాటిన దారి. దక్షిణపు ఒడ్డున ఎగువ మందిరంలో ఉండే తకెమినకత దేవుడు, ఉత్తరాన దిగువ మందిరంలోని దేవేరి యసకతొమెను చూడటానికి మంచు మీద నడిచివెళ్లిన జాడ అట.

దేవుడు వెళ్లిన తేదీని 1443 నుంచి రాస్తున్నారు. మొదటి పుస్తకం 1681తో ముగిసింది. తర్వాత వేరే ఖాతా తెరిచారు. గట్టు ఎటునుంచి ఎటు సాగిందో పాత రాతలతో పోల్చి ఆ ఏటి పంటలు, వానలు, లోకం పోకడ చెబుతారు. మనం ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో వినేవి అక్కడ మంచు పగుళ్లలో చదువుతారన్నమాట. జోస్యం ఎంత ఫలించిందన్నది ఎవరి నమ్మకం వారిది. ఆ నమ్మకమే లేకపోతే 580 ఏళ్లకు పైగా తేదీలు మాత్రం మిగిలేవి కావు.

అలాగని ఈ ఖాతాను గుడ్డిగా కళ్లకద్దుకోనక్కర్లేదు. రాసే చేతులు మారాయి, పద్ధతి మారింది, 1873లో దేశం క్యాలెండరే మార్చుకుంది. కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సప్నా శర్మ, అమెరికాకు చెందిన జాన్ మాగ్నుసన్ తదితరులు ఈ లెక్కలను జల్లెడపట్టి 2016లో ప్రచురించారు. మొదటి 250 ఏళ్లలో సరస్సు గడ్డకట్టని చలికాలాలు మూడే. 1955 నుంచి 2004 వరకు యాభై ఏళ్లలో పన్నెండు. ఆ తర్వాతి పదేళ్లలోనే అయిదు. తొలి రెండున్నర శతాబ్దాల్లో గడ్డకట్టే తేదీ దశాబ్దానికి 0.19 రోజు మాత్రమే ఆలస్యమైంది. పారిశ్రామిక విప్లవం నుంచి అది దశాబ్దానికి 4.6 రోజులు.

చివరిసారి దేవుడు దాటింది 2018లో, అదీ అయిదేళ్ల విరామం తర్వాత. 2019 నుంచి 2025 దాకా వరసగా ఏడు చలికాలాలు గట్టు లేవలేదు. అలాంటి ఏడాదిని 'అకే నో ఉమి' అంటారు, అంటే మూతపడని సముద్రం. తేల్చి చెప్పే రోజు పాత క్యాలెండరులో రిస్షున్, వసంతం మొదలయ్యే రోజు.

ఇక మిగతా రుతువుల సంగతి గబగబా. చలికాలంలో సైబీరియా గాలి జపాన్ సముద్రం మీదుగా తేమ తాగి వచ్చి పడమటి తీరాన మంచు కుమ్మరిస్తుంది. తూర్పు తీరం పొడిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో సాకురా, జూన్, జూలైలో త్సుయు వానలు, వేసవి చివర తుపాన్లు, ఆపై ఎర్రబడే మేపుల్ ఆకులు. ఏడాదిని 24 భాగాలు చేసిన లెక్క చైనాది. దాన్ని మరింత ముక్కలు చేసిన 72 చిన్న రుతువులను జపాన్ వాతావరణానికి తగ్గట్టు 1685లో షిబుకవ షున్‌కాయ్ సవరించాడు.

పూల పద్దు
క్యోటోలో సాకురా పూర్తిగా విరిసిన తేదీలను పాత డైరీలు, రాతల నుంచి ఏరి, తొమ్మిదో శతాబ్దం దాకా కూర్చినవారు ఒసాకాకు చెందిన యసుయుకి అఓనో. 2021లో మార్చి 26నే విరిశాయి. అంతకుముందు అతి తొందర తేదీ 1409 మార్చి 27.

నది పద్దు
ఫిన్లండ్, స్వీడన్ సరిహద్దులోని టోర్నె నదిపై మంచు విరిగే తేదీని 1693లో రాయడం మొదలుపెట్టినవాడు ఒలోఫ్ ఆల్‌బోమ్ అనే వ్యాపారి. 2016 పరిశోధన సువాతో పాటు పరిశీలించింది దీన్నే.

ఆగిన పద్దు
తొలి పిట్టకూత, తొలి కీచురాయి వంటి 23 రకాల జంతువుల జాడలను, 34 రకాల మొక్కల మార్పులను జపాన్ వాతావరణ సంస్థ 1953 నుంచి ఒకే పద్ధతిలో నమోదు చేసేది. చుట్టూ పట్టణాలు పెరిగి వాటిని వెదకడమే కష్టమైంది. 2021 నుంచి జంతువులన్నిటినీ వదిలేసి ఆరు రకాల మొక్కలకే పరిమితమైంది. ఆ తర్వాత జాతీయ పర్యావరణ అధ్యయన సంస్థ ఆ పనిని మామూలు జనం చేత కొనసాగించే ప్రయత్నం మొదలుపెట్టింది.