పాత జీపులో బిగిసిన ఫోర్‌వీలు లివరు

కల్లములో మిరపకాయలు ఆరబోసి యుండగా అకాల వర్షము వచ్చినచో నల్లరేగడి బాట గంటలో బంకబంకగా మారును. బస్తాలను ఇల్లు చేర్చవలసిన జీపు వెనుక చక్రములు తిరుగుచుండునే గాని బండి కదలదు. డ్రైవరు ఫోర్‌వీలు లివరును రెండు చేతులతో లాగును. అదియును కదలదు. ఎనిమిది నెలలుగా దానిని ఎవరును ముట్టి యుండరు.

జీపు రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా సైన్యము కొరకు పుట్టిన బండి. ఆ విల్లీస్ నమూనానే మన దేశములో మహీంద్రా వారు తయారు చేసిరి. పల్లెలలో నేటికిని తిరుగుచున్న పాత జీపులలో పెక్కింట గేరు రాడ్డు ప్రక్కన రెండు చిన్న లివర్లుండును. ఒకటి ముందు ఇరుసుకు ఇంజను బలమును కలుపునది. రెండవది హై, లో అను వేగములను మార్చునది. రెండును నేలరేకు క్రిందనున్న ట్రాన్స్‌ఫర్ కేసులోని కడ్డీలను జరుపును.

ముందు ఇరుసు లివరు వేయనిదే రెండవ లివరు ‘లో’ లోనికి పోకుండునట్లు ఈ పెట్టెలో అడ్డు ఏర్పాటు కలదు. ఇది తెలియక లివరు పట్టుకొన్నదని మెకానికు వద్దకు పోవువారు కలరు. ‘లో’ వేయునప్పుడు బండిని పూర్తిగా నిలిపి, క్లచ్చి త్రొక్కి వేయవలెను.

ఇక నిజముగా బిగియుటకు వచ్చెదము. ఇది రెండు విధములు. ఒకటి తుప్పు వలన, మరొకటి పురి వలన. రైతులు మొదటిదానినే అనుమానింతురు గాని, రెండవది కూడ తరచుగా కనబడునదే.

మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక చక్రముల కంటె ఎక్కువ దూరము నడచును. ఫోర్‌వీలులో ముందు వెనుక షాఫ్టులు ఒకదానితో నొకటి ముడిపడి ఒకే వేగముతో తిరుగును. బురదలో టైరు కొంచెము జారి ఆ తేడాను సర్దుకొనును. తారురోడ్డు మీద జారుటకు వీలు లేదు. అప్పుడు షాఫ్టులకు, పేనిన మోకుకు పురి ఎక్కినట్లు, మెలిక ఎక్కి పళ్ళచక్రములు ఒకదానినొకటి అదిమి పట్టుకొనును. స్టీరింగు బరువగును. లివరు వెనుకకు రాదు. ఇప్పుడు ఎంత నూనె పోసినను ప్రయోజనము లేదు. స్టీరింగు తిన్నగా నుంచి, నాలుగైదు గజములు రివర్సులో నడిపి, క్లచ్చి త్రొక్కి, లివరును మెల్లగా లాగవలెను. చాలనిచో మెత్తని మట్టి మీదికి తీసికొనిపోయి మరల యత్నింపవలెను.

తిన్నని రోడ్డు మీద కూడ పురి ఎక్కుచున్నదనిన టైర్లను చూడవలెను. ముందు రెండు క్రొత్తవి, వెనుక రెండు అరిగినవి వేయుట మన పల్లెలలో మామూలే. గాలి సరిగా నింపి నాలుగు టైర్ల చుట్టుకొలతను దారముతో కొలచినచో తేడా తెలియును. ఆ తేడా యున్నంత కాలము లివరును నిందించి లాభము లేదు.

రాత్రి బండి నిలిపి యుంచి, పురి ఏమియు లేకున్నను, తెల్లవారి లివరు బిగువుగానే యున్నచో అది తుప్పు. లివర్లు తిరుగు పిన్ను వద్దను, కడ్డీలు పెట్టె నుండి బయటకు వచ్చు చోటను బురద ఎండి గట్టిపడును. సర్వీసింగులో గట్టి నీటిధారతో కడిగించిన పిమ్మట గ్రీజు మరల పట్టింపకపోవుట దీనికి తోడగును.

క్రిందికి దూరుటకు ముందు చక్రములకు ఇరువైపుల దిమ్మలు వేయవలెను. ఇది తప్పనిసరి. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో నున్నప్పుడు గేరు వేసి యున్నను బండి ఆగదు. పాత జీపులు కొన్నింటిలో హ్యాండు బ్రేకు చక్రములను గాక వెనుక షాఫ్టును మాత్రమే పట్టును. వెనుక చక్రము ఒకటి జాకీపై లేచినచో ఆ పట్టు పోవును. మనిషి క్రిందనుండగా బండి దొర్లినదనిన చెప్పవలసినది లేదు.

మొదట బురదను పుల్లతోను బ్రష్షుతోను రాల్చి, డీజిలులో తడిపిన గుడ్డతో తుడువవలెను. తుప్పు విడుచు నూనెను పిన్నుకును, కడ్డీల మొదళ్ళకును పెట్టి రాత్రంతయు విడువవలెను. కడ్డీని ఆకురాయితో రుద్దరాదు. గీతలు పడినచో ఆయిలు సీలు కోసుకొనిపోయి, పెట్టెలోని ఆయిలు కారిపోవును. మరునాడు లివరును కొద్దికొద్దిగా ముందుకు వెనుకకు ఆడించి, వదులైన పిమ్మట పిన్నుకు గ్రీజు పట్టింపవలెను. నిపుల్ ఉన్నచో గ్రీజు గన్నుతో పాత గ్రీజు బయటకు వచ్చువరకు కొట్టవలెను.

అదే సమయమున ఆయిలు మట్టమును చూడవలెను. వాగు దాటిన బండిలో నీరు చేరియుండవచ్చును. ఆయిలు మజ్జిగ వలె తెల్లబడినచో వెంటనే మార్చవలెను.

ఇంత చేసినను కదలనిచో లోపలి ఫోర్కు వంగియుండవచ్చును, లేక అడ్డుబిళ్ళ ఇరుకుకొని యుండవచ్చును. పెట్టె విప్పు పని మెకానికుది. లివరుకు ఇనుప గొట్టము తొడిగి బలముగా లాగు పద్ధతి మాత్రము వలదు. లివరు కదలినను లోపలి ఫోర్కు వంగును. గంటలో అగు పనికి పెట్టె దింపవలసి వచ్చును.

బాగుపడిన లివరును మరల సంవత్సరము వరకు మరువరాదు. నెలకొకసారి మట్టిబాట మీద రెండు లివర్లను వేసి, కొంత దూరము నడిపి, తీసివేయవలెను. తొలకరికి ముందు ఒకసారి, మిరప కోతలకు ముందు ఒకసారి గ్రీజు పెట్టిన చాలును.