ఒంటరి కోడెకు కోపమెక్కువ!

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు... అనుకున్నది జరిగితే కోడెతో గుడి చుట్టూ తిరిగి కట్టేస్తారు. చాలామంది టికెట్ కొని ఆలయ కోడెనే తిప్పుతారు. కొందరు మాత్రం దూడను ఇంట్లో పెంచి మరీ సమర్పిస్తారు. దేవుడి సొమ్ము కదా, అదిలించరు. పిల్లలు కొమ్ములు పట్టుకుని ఆడతారు. తీరా వయసొచ్చాక అదే దూడ తల వంచి మీదికొస్తుంది!

తిండి బలుపు అనుకుంటారు గానీ, పెంపకం సంగతీ చూడాలి. కోడెదూడలపై 1990లో అచ్చయిన అమెరికా పరిశోధన ఒకటుంది. గుంపులో పెరిగిన వాటికన్నా విడిగా, మనుషుల చేతిమీద పెరిగినవే మనుషులపైకి ఎక్కువగా వచ్చాయి. తోటి దూడలతో కుమ్ములాడితేనే ఎక్కడ తగ్గాలో తెలుస్తుంది. ఒంటరి దూడకు ఎదురుగా ఉండేది మనిషేనాయె!

హార్మోన్లూ సహవాసాన్ని బట్టి నడుస్తాయి. దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్‌లో 1990లలో పెద్ద దిక్కులేకుండా పెరిగిన కుర్ర మగ ఏనుగులకు చిన్న వయసులోనే మదం పట్టింది. నలభైకి పైగా ఖడ్గమృగాలను చంపేశాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాక కుర్రవాటి మదం తగ్గింది, చంపడం ఆగింది.

మొక్కు దూడ ఇంట్లో ఒక్కటే ఉంటే, పక్కవాళ్ల దూడలతో కలిపి మేతకు తోలడం మేలు. లేదంటే అది మొదటిసారి మందను చూసేది తిప్పాపూర్ గోశాలలోనే.