ఓడ దిగి, రైలెక్కి, గుర్రమెక్కి

1873 సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి, పదకొండు గంటల వేళ, కాలిఫోర్నియా కొండల్లోని ట్రక్కీ అనే ఊళ్లో రైలు ఆగింది. దిగినవాళ్లలో ఒక బ్రిటిష్ మహిళ ఉంది. వయసు 41. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. వెంట తోడెవరూ లేరు. ఊరు చూస్తే కలప కోసేవాళ్లతో, గనుల్లో పనిచేసేవాళ్లతో, సారా కొట్లతో అర్ధరాత్రి కూడా కిటకిటలాడుతోంది. హోటల్లో మంచాలను వంతులవారీగా అద్దెకిస్తున్నారు. ఒకరు లేవగానే ఇంకొకరు వాలిపోవడమే, పక్క చల్లబడే వ్యవధి లేదు. ఆమెకు దొరికిన గదిలో ఎవరో మగవాళ్ల కోట్లు వేలాడుతున్నాయి. ఒక మూల తుపాకీ ఉంది. ఆమె ఆ గదిలోనే పడుకుని హాయిగా నిద్రపోయింది. మర్నాడు ఊళ్లో ఒక గుర్రాన్ని అద్దెకు తీసుకుని, టాహో సరస్సు చూడటానికి అడవిదారిన ఒక్కతే బయలుదేరింది.

ఆమె పేరు ఇసబెల్లా బర్డ్. ఆ ఏడాది ఆమె చేసిన ప్రయాణం గురించి కృష్ణా డెల్టాలో కూర్చుని చదువుకోవడానికి ఒక కారణం ఉంది. ఏటా వేసవి వచ్చేసరికి విజయవాడ, గుడివాడ, తెనాలి, ఉయ్యూరు ఊళ్ల నుంచి ఎంతోమంది తల్లిదండ్రులు అమెరికా విమానం ఎక్కుతారు. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, మనవలకు బట్టలు. అక్కడ కొడుకు ఇల్లు, కూతురు ఇల్లు, శని ఆదివారాల్లో గుడి, సెలవు దొరికితే నయాగరా. ఆర్నెల్లు ఉండి తిరిగొస్తారు. ఎలా ఉంది అమెరికా అని అడిగితే పిల్లల ఇల్లు ఎలా ఉందో చెబుతారు. అందులో తప్పేమీ లేదు, వెళ్లింది పిల్లల కోసమే కదా. కానీ ఆ దేశం చాలా పెద్దది. దాన్ని నేల మీద నుంచి, నెమ్మదిగా, ఒంటరిగా చూసిన మనుషులున్నారు. ఇప్పటికీ కొంతమేరకు అలా చూడొచ్చు.

ఇసబెల్లా ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1831లో ఒక చర్చి గురువు ఇంట పుట్టింది. చిన్నప్పటి నుంచి వెన్నునొప్పి. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో వెన్నెముక దగ్గర కణితి తీశారు. సముద్రపు గాలి మంచిదని వైద్యులు చెబితే 1854లో మొదటిసారి ఓడెక్కి అమెరికా వెళ్లొచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంటిపట్టునే, జబ్బుమనిషిగానే గడిచాయి. నలభై ఏళ్లు దాటాక 1872లో మళ్లీ బయలుదేరి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చూసింది. అక్కణ్ణుంచి ఒక పాత ఓడలో పసిఫిక్ మీద తుపానుకు చిక్కి, ప్రాణాలు అరచేత పట్టుకుని హవాయి దీవులు చేరింది. అప్పటికి హవాయి అమెరికాలో భాగం కాదు, వేరే రాజ్యం.

అక్కడే ఆమె బతుకు మలుపు తిరిగింది. ఆ కాలంలో ఇంగ్లండు స్త్రీలు గుర్రం మీద రెండు కాళ్లూ ఒకవైపే వేసి, పక్కకు తిరిగి కూర్చునేవాళ్లు. వెన్ను బాగోని మనిషికి అలా పది మైళ్లు వెళ్లడమంటే నరకం. హవాయి స్త్రీలు చెరోవైపు కాలు వేసి మగవాళ్లలాగే స్వారీ చేస్తున్నారు. తనూ అలా కూర్చుని చూసింది. నొప్పి తగ్గింది! లంగా కింద చీలమండల దగ్గర ముడివేసుకునే వదులు పైజామా కుట్టించుకుంది. ఆ దుస్తులతోనే అగ్నిపర్వతం ఎక్కింది, ఆ దుస్తులతోనే ఓడలో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగింది. జీను మీద కూర్చునే పద్ధతి మారడంతో ఒక రోగిష్ఠి మనిషి ప్రపంచ యాత్రికురాలు అయిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆమె తర్వాతి ముప్పై ఏళ్ల ప్రయాణాలకు ఇదే మొదలు.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బల్లకట్టులాంటి పెద్ద ఆవిరి పడవలో అఖాతం దాటి ఓక్లాండ్, అక్కడ రైలు. అమెరికా తూర్పు పడమర తీరాలను కలిపే ఆ రైలుమార్గం అప్పటికి నాలుగేళ్ల పిల్ల. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. సియెరా నెవాడా కొండలను తొలిచి ఆ దారి వేసింది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన కూలీలు. వేలమంది. మంచు చరియల కింద, మందు పేలుళ్లలో ఎందరో పోయారు. ఇసబెల్లా సుఖంగా ఎక్కివెళ్లిన ఆ ఎత్తు వాళ్లు రాయిరాయిగా చెక్కింది.

అదే 1873లో బెజవాడకు రైలు రాలేదు. కృష్ణ మీద ఆనకట్ట 1855కే పూర్తయింది, కాలవల్లో నీళ్లు పారుతున్నాయి. ఆ కాలవలే రోడ్లు. రాదారి పడవలను గట్టున నడుస్తూ మనుషులు తాడుతో లాగేవాళ్లు. లాకుల దగ్గర పడవ ఆగి, నీటిమట్టం సమానమయ్యాక కదిలేది. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తే ఆ ప్రయాణమూ ఆగేది, ఇక ఎడ్లబండే గతి. నైజాం రైలు బెజవాడ చేరింది 1889లో. కృష్ణ మీద రైలు వంతెన 1893లో, మద్రాసుకు నేరుగా రైలు 1899లో వచ్చాయి. ఇప్పుడు పది ప్లాట్‌ఫారాలతో దేశంలోని పెద్ద జంక్షన్లలో ఒకటైన ఊరికి ఆనాడు కూత కూడా వినపడలేదు.

అయితే తెలుగు స్త్రీలెవరూ కదలలేదనుకుంటే పొరపాటు. సరిగ్గా ఆ ఏడాదే మద్రాసుకు చెందిన పోతం జానకమ్మ రాఘవయ్య సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లింది. చూసినవన్నీ తెలుగులో రాసింది. వాటిని తానే ఇంగ్లీషు చేసి 1876లో మద్రాసులో పుస్తకంగా వేయించింది. సముద్రయానం చేస్తే కులం పోతుందని మగవాళ్లే భయపడుతున్న రోజులవి. ఒకే సంవత్సరంలో ఒక ఇంగ్లండు స్త్రీ రాకీ కొండల వైపు, ఒక తెలుగు స్త్రీ లండను వైపు! జానకమ్మ పేరు మన బడి పుస్తకాల్లో పిల్లలందరికీ తెలిసేలా ఉండాల్సింది.

మళ్లీ టాహో దారికి వద్దాం. అడవిలో పొద శబ్దమై, ఇసబెల్లా గుర్రం ముందు ఒక ఎలుగుబంటి లేచింది. గుర్రం బెదిరి ఆమెను కింద పడేసి పారిపోయింది. ఎలుగుబంటి కూడా భయపడి రెండోవైపు పరుగెత్తింది. కాళ్లు కూరుకుపోయే దుమ్ములో చాలాదూరం నడిచి, చివరికి గుర్రాన్ని పట్టుకుని మళ్లీ ఎక్కింది. తిరిగొచ్చి రైలెక్కి నెవాడా, యూటా దాటి షయాన్ మీదుగా కొలరాడో చేరింది. రాకీ పర్వతాల నడుమ ఎస్టిస్ పార్క్ అనే లోయ ఉందని ఎక్కడో విని, దారి సరిగా తెలిసినవాడు దొరక్కపోయినా పట్టుబట్టి వెతికింది. వారాల తరబడి ఒక బీద కుటుంబం గుడిసెలో చిక్కుకుపోయింది కూడా. ఎట్టకేలకు ఆ లోయ కనపడింది.

అక్కడ ఆమెకు పరిచయమైన మనిషి జిమ్ నుజెంట్. అందరూ రాకీ మౌంటెన్ జిమ్ అనేవాళ్లు. ఎలుగుబంటి దాడిలో ఒక కన్ను పోయింది. తాగితే ఎవరికీ అందడు. తాగనప్పుడు కవిత్వం చెబుతాడు. 14,259 అడుగుల లాంగ్స్ పీక్ శిఖరానికి ఆమెను తీసుకెళ్లింది అతనే. ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్న, పాదానికి మించిన బూట్లతో ఎక్కింది. నిలువు బండల దగ్గర జిమ్ తాడు కట్టి పైకి లాగాడు. తనవల్ల ఏమీ కాలేదని, తనను మూటలా మోసుకెళ్లారని ఆమె ఏ మొహమాటమూ లేకుండా రాసుకుంది. ఇలాంటి చోటే ఈ ప్రయాణం గురించి ఆమె రాసిన పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది. మరుసటి ఏడాదే ఆ లోయలో జరిగిన ఒక గొడవలో జిమ్‌ను తుపాకీతో కాల్చారు, కొన్ని నెలలకు చనిపోయాడు.

అసలు ప్రయాణం లాంగ్స్ పీక్ ఎక్కాక మొదలైంది. ఆ శరదృతువులో అమెరికాలో పెద్ద బ్యాంకు ఒకటి దివాలా తీసి దేశమంతా అల్లకల్లోలమైంది. డెన్వర్ బ్యాంకులు ఆమె దగ్గరున్న పత్రాలకు డబ్బివ్వలేకపోయాయి. చేతిలో ఉన్నది కొద్ది డాలర్లు. ఇంకొకరైతే ఎక్కడివాళ్లక్కడ కూర్చుందురు. ఆమె బర్డీ అనే గోధుమవన్నె ఆడగుర్రం తీసుకుని, ఒంటరిగా, మంచు మొదలైన కొండల్లోకి వెళ్లింది. డెన్వర్, కొలరాడో స్ప్రింగ్స్, సౌత్ పార్క్. మంచుగాలికి కంటిరెప్పలు అతుక్కుపోయేవి. దారి కనపడని చోట పగ్గం వదిలేస్తే బర్డీయే దారి చూసుకునేది. ఊరు దగ్గరపడితే దిగి, పొడుగు లంగా కట్టుకుని, నలుగురి కోసం పక్కకు తిరిగి కూర్చునేది. ఊరు దాటాక మళ్లీ మామూలే. మొత్తం మీద ఆ రాకీ కొండల్లో దాదాపు 800 మైళ్లు, అంటే 1,280 కిలోమీటర్ల పైచిలుకు గుర్రం మీద తిరిగింది.

రాత్రిళ్లు ఎక్కడ పడుకుంది? దారిలో ఏ గుడిసె కనపడితే అక్కడ. ఎవరొచ్చినా కాదనకుండా చోటివ్వడం అక్కడి ఆనవాయితీ. తిండికీ పడకకూ కొంత తీసుకునేవాళ్లు. అతిథి కూడా గిన్నెలు తోమాలి, నీళ్లు మోయాలి. నవంబరులో ఎస్టిస్ పార్క్‌కు తిరిగొచ్చి, ఇద్దరు కుర్రాళ్లతో ఒక గుడిసెలో మంచుకు చిక్కి, సరుకులు అయిపోతుంటే ముగ్గురూ పనులు పంచుకుని వారాలు గడిపారు. ఆ రోజుల్లో మన డెల్టాల్లో బాటసారులు సత్రాలను, తెలిసీ తెలియని ఇళ్లను నమ్ముకుని బయలుదేరినట్టే ఇదీ. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఏ వేళప్పుడు వచ్చినవాళ్లకైనా వండి వడ్డించింది ఆ కాలంలోనే. ఆమె పైసా తీసుకోలేదు, రాకీ కొండలవాళ్లు తీసుకున్నారు. రెండు చోట్లా తలుపు మాత్రం తెరిచే ఉంది. ఒంటరి యాత్రికులు ముక్కూముఖం తెలియనివాళ్ల మీద ఆధారపడక తప్పదు. ఇసబెల్లా ఉత్తరాల్లో కొండల కన్నా ఎక్కువగా గుర్తుండిపోయేది ఆ మనుషులే.

ఒక విషయంలో మాత్రం ఆమెను సమర్థించలేం. ఆ నేల అసలు హక్కుదారులైన అమెరికా ఆదివాసుల గురించి ఆమె చాలా చులకనగా రాసింది. వాళ్లను తరిమేసి కట్టిన ఊళ్లలోనే తను సుఖంగా తిరుగుతున్నానన్న ఎరుక ఆ పేజీల్లో పెద్దగా లేదు. చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి.

ఇవన్నీ ఆమె తన చెల్లెలు హెన్రియెట్టాకు రాసిన ఉత్తరాలు. 1879లో పుస్తకంగా వచ్చి, ముద్రణ మీద ముద్రణ పడ్డాయి. ఆమె మగవాళ్ల బట్టలు వేసుకుందని ఒక పెద్ద పత్రిక రాస్తే, తర్వాతి ముద్రణలో తన స్వారీ దుస్తులు ఎలాంటివో వివరంగా రాయించింది. పెళ్లాడిన వైద్యుడు అయిదేళ్లకే పోయాడు. 1889లో మన దేశం వచ్చి, అమృత్‌సర్‌లో చెల్లెలి పేర, శ్రీనగర్‌లో భర్త పేర ఆసుపత్రులు పెట్టించి, మళ్లీ గుర్రమెక్కి లదాఖ్ వెళ్లింది. 1892లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మొదటిసారి స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నప్పుడు ఆమె పేరు ముందు వరసలో ఉంది.

తెలుగువాళ్లు అమెరికాలో దిగడం మొదలైంది ఆ తర్వాతే. అదీ ఎక్కువగా చదువు కోసం, ఓడల్లో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ రేవులో దిగాడు. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు. ఉయ్యూరులో పుట్టిన కొలచల సీతారామయ్య కూడా 1920లలో అమెరికాలో రసాయనశాస్త్రం చదివి, అక్కణ్ణుంచి సోవియట్ దేశం వెళ్లి పేరుపొందాడు. వెనక డబ్బూ బలగమూ లేకుండా, సముద్రం మీద వారాల తరబడి వెళ్లిన ఆ ఒంటరి కుర్రవాళ్ల ధైర్యం రాకీ కొండలెక్కిన ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు.

ఇప్పుడు ఇక్కణ్ణుంచి అమెరికాకు ప్రయాణికుల ఓడలు తిరగడం లేదు. కానీ ఇసబెల్లా దారిలో కొంతభాగం ఈనాటికీ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఓక్లాండ్‌కు ఫెర్రీ పడవలు నడుస్తున్నాయి. ఓక్లాండ్ పక్కనే ఉన్న ఎమరీవిల్ నుంచి షికాగోకు ఆమ్‌ట్రాక్ వాళ్ల 'కాలిఫోర్నియా జెఫిర్' రైలు బయలుదేరుతుంది. దూరం 2,438 మైళ్లు, విజయవాడ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి రెట్టింపు పైనే. రెండు రాత్రులు రైల్లోనే. సియెరా కొండలు, నెవాడా ఎడారి, యూటా, ఆపైన కొలరాడో నది వెంబడి లోయలు. రాకీ కొండల కింద పది కిలోమీటర్ల మోఫట్ సొరంగం దాటితే డెన్వర్. చుట్టూ అద్దాలున్న పెట్టె ఒకటి అందరికీ ఉంటుంది. పట్టాలు సరుకు రైళ్ల కంపెనీలవి కావడంతో ఆలస్యాలు మామూలే, కాబట్టి దిగగానే విమానం అందుకోవాలని పెట్టుకోకూడదు. పడక ఉన్న గది ఖరీదెక్కువ. కుర్చీ సీటు చాలా చవక, బాగా వెనక్కి వాలుతుంది. పిల్లలు సెలవు దొరక్క తీసుకెళ్లలేకపోయినా, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లగలిగే ప్రయాణమే ఇది. విజయవాడ జంక్షన్లో అర్ధరాత్రి బండి మారినవాళ్లకు ఇందులో భయపడాల్సిందేమీ లేదు.

డెన్వర్ నుంచి ఎస్టిస్ పార్క్‌కు రైలు లేదు, రోడ్డున వెళ్లాలి, నూరు కిలోమీటర్ల పైన. ఆ లోయ పక్కన 1915లో జాతీయ వనం ఏర్పడింది. వేసవిలో అక్కడి గుర్రపుశాలల వాళ్లు కొత్తవాళ్లను కూడా జీనెక్కించి, ముందు ఒక మనిషి దారి చూపుతూ, గంటా రెండు గంటలు కొండదారుల్లో తిప్పుతారు. జట్కా తప్ప గుర్రం ఎరగనివాళ్లు కూడా ఎక్కొచ్చు.

అంత దూరం వద్దనుకుంటే ట్రక్కీలోనే దిగొచ్చు. ఎమరీవిల్‌లో ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి చేరుస్తుంది. స్టేషను ఊరి నడిబొడ్డునే ఉంది. ఇసబెల్లా చూసిన డోనర్ సరస్సు అక్కణ్ణుంచి అయిదు కిలోమీటర్లు.