పెరటిలో చిలగడదుంప

కోస్తా జిల్లాలలో చిలగడదుంప యనియు, రాయలసీమలో గెనుసుగడ్డ యనియు, తెలంగాణములో మోరంగడ్డ, కందగడ్డ యనియు పిలువబడు ఈ పంట కొద్దిపాటి పెరటిలోను చక్కగా పండును. అయినను తీగ ఏపుగా ప్రాకి, త్రవ్వి చూడగా దుంపలు పుచ్చి, చేదెక్కి యుండుట పలుచోట్ల కలదు. దీనికి కారణము ముక్కుపురుగు. ఇది నేల పగుళ్ళగుండ దుంపను చేరి గ్రుడ్లు పెట్టును; పిల్ల పురుగులు లోపల తొలిచివేయును.

నీరు నిలువని ఇసుకపాలు గల నేల ఈ పంటకు అనుకూలము. బాగుగా చివికిన పశువుల ఎరువు వేసి, 60 సెంటీమీటర్ల ఎడముతో బోదెలు చేయవలెను. నత్రజని ఎరువు మితిమీరినచో తీగయే పెరుగును గాని దుంప ఊరదు. పురుగు లేని తోటనుండి తీగ కొసలను 20 మొదలు 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 20 సెంటీమీటర్ల కొకటి చొప్పున, కణుపులు మట్టిలో నుండునట్లు నాటవలెను. పొడవు, వెడల్పు 3 మీటర్లు గల మడికి 75 ముక్కలు చాలును. అక్టోబరులో నాటినచో శివరాత్రి నాటికి దుంపలు చేతికందును.

నెల దినములకు కలుపు తీసి మొదళ్ళకు మట్టి ఎగద్రోయవలెను. నేల పగులకుండ తడి ఇచ్చుచుండవలెను. పురుగునకు త్రోవ మూయుట కిదియే ముఖ్యోపాయము. సుమారు నాలుగు నెలలకు ఆకులు పసుపు వన్నె దాల్చినపుడు ఒక దుంపను కోసి చూడవలెను. కోసిన చోట తెల్లగా ఆరినచో పంట పక్వమైనట్లు. నల్లబడినచో కొన్ని దినములు ఆగవలెను.

త్రవ్విన పిదప పుచ్చుదుంపలను, పాతతీగలను పెరటిలో విడువరాదు, ఏరి కాల్చివేయవలెను. బూజుపట్టిన దుంపలను పశువులకు మేపరాదు. వానిలోని విషము ఊపిరితిత్తులను చెరచి పశువుల ప్రాణము తీయగలదు.

నారింజవన్నె కండగల దుంపలు శరీరమునకు విటమిన్ ఎ సమకూర్చి పిల్లల కంటిచూపును కాపాడును. ఇట్టి దుంపలను ఆఫ్రికా పల్లెలలో వ్యాపింపజేసిన శాస్త్రజ్ఞులకు 2016లో ప్రపంచ ఆహార బహుమానము లభించినది. మన దేశమున కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థవారి భూసోనా యిట్టి రకమే.

ముక్కుపురుగునకు దడి అడ్డుకాదు. ఒక యింట విడిచిన పుచ్చుదుంప పొరుగింటి పంటను చెరచును. కావున పంచాయతీ సభ్యులు పాఠశాల బావియొద్ద నొక చిన్న తీగమడి పెంచి శుభ్రమైన తీగలను ఇంటింటికి పంచుటయు, త్రవ్వకములు ముగిసిన వారములో వీధివారందరిచే ఒకేసారి పెరళ్ళు శుభ్రపరపించుటయు మేలు. ఒక్కరు చేసిన ఫలితము కొద్ది. ఊరంతయు చేసినచో పంట దక్కును.