కొరియన్ నేర్చుకుందామా? ఆ అక్షరాల వెనక జైలు కథ కూడా ఉంది

సబ్‌టైటిల్స్ లేకుండా కొరియన్ డ్రామా చూడాలని ఎప్పుడైనా అనిపించిందా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే.

ముందు మంచి మాట. తెలుగు వచ్చినోళ్ళకి కొరియన్ వాక్యం కొత్తగా అనిపించదు. "నేను అన్నం తింటాను" అనడానికి వాళ్ళు "జొనున్ బబుల్ మొగొయో" అంటారు. జొ అంటే నేను, బప్ అంటే అన్నం, మొగొయో అంటే తింటాను. వరస చూశారా? క్రియ చివర్లోనే వచ్చింది. మన కి, ని, లో లాగా వాళ్ళు కూడా మాట వెనకాలే చిన్న ముక్క తగిలిస్తారు. పలకరింపు కూడా మనదే: "బప్ మొగొస్సొయో?" అంటే "అన్నం తిన్నరా?" అని. దోస్తునైతే చివరి "యో" తీసేసి అడగొచ్చు, "తిన్నవా" అన్నట్టు. పెద్దోళ్ళ దగ్గర మాత్రం ఆ "యో" మర్చిపోవద్దు.

అట్లని రెండూ అక్కాచెల్లెళ్ళ భాషలు అనుకోకండి. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోల్చి పుస్తకమే రాశాడు. చుట్టరికం మాత్రం రుజువు కాలేదు.

ఇక లిపి, అంటే హంగుల్. సెజోంగ్ రాజు 1443లో తయారుచేసి 1446లో ప్రకటించాడు. అంతకుముందు చైనా అక్షరాలే దిక్కు, అవి సామాన్యులకి అందేవి కావు. ఇప్పుడు 14 హల్లులు, 10 అచ్చులు ప్రాథమికం. హల్లుకి అచ్చు చేర్చి ఒకే గడిలో రాస్తారు, కాబట్టి గుణింతం తెలిసినోళ్ళకి వారం చాలు.

ఇంత తేలికైన అక్షరాల కోసం మనుషులు జైలుకి పోయారు. 1910లో జపాన్ కొరియాని కలిపేసుకుంది. 1938 నుంచి బడుల్లో కొరియన్‌ని పక్కకు నెట్టింది, 1940లో పేర్లే జపాన్ పద్ధతిలోకి మార్చుకోమంది. నిఘంటువు తయారుచేస్తున్న కొరియన్ భాషా సంఘం వాళ్ళను 1942లో అరెస్టు చేశారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. పోయిందనుకున్న రాతప్రతి 1945లో సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో దొరికింది! 2019లో వచ్చిన "మల్మొయి" సినిమా ఈ కథే.

మఠంపల్లి వాళ్ళకి ఇది మరీ దూరపు కథ కాదు. కృష్ణకి అవతల పల్నాడు, ఇంగ్లీషోళ్ళ మద్రాసు రాష్ట్రం. ఇవతల మనం నైజాంలో, ఆఫీసు భాష ఉర్దూ. 1921లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. నైజాం మన పేర్లు మార్చలేదు, రెండూ ఒకటే అనను. కానీ సొంత మాటకి చోటు లేకపోతే ఎట్లుంటదో మన తాతలకు తెలుసు.

రాజకీయంలో ఒక్క మాట నేర్చుకోండి: "గ్యెఒమ్", అంటే సైనిక పాలన. 1980 మే నెలలో గ్వాంగ్జు ఊళ్ళో దానికి ఎదురు నిలిచిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. "ఎ టాక్సీ డ్రైవర్" సినిమా చూడండి. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మళ్ళీ అదే మాట అన్నాడు. జనం పార్లమెంటు దగ్గరికి ఉరికారు, కొన్ని గంటల్లోనే 190 మంది సభ్యులు దాన్ని రద్దుచేస్తూ ఓటేశారు. 2025 ఏప్రిల్ 4న కోర్టు ఆయన్ని పదవిలోంచి తీసేసింది.

నేర్చుకోవాలంటే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, ఫోన్‌లోనే చూడొచ్చు. హైదరాబాద్ ఇఫ్లూలో కోర్సులున్నాయి. వచ్చే ఎపిసోడ్‌లో అంకెలు చెప్పుకుందాం. వాళ్ళకి రెండు రకాల అంకెలున్నాయి, వయసుకి ఒకటి, డబ్బుకి ఇంకోటి!