బస్తా మోసినా కండ పట్టదేం?

విజయనగరం: పొద్దస్తమానం బస్తాలు మోసే కుర్రాడు బక్కపలచగా ఉంటాడు. గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చునే షావుకారు నిండుగా ఉంటాడు. కష్టం చేస్తే ఒళ్ళు గట్టిపడుతుందనే మాట నిజమే అయితే రైసుమిల్లు కలాసీలూ, ఇటుక బట్టీల కూలీలూ, తాపీ పనివారూ అందరూ వస్తాదుల్లా ఉండాలి. కాని పల్లెల్లో కనిపించేది వేరు. పాతికేళ్ళకే బుగ్గలు పీక్కుపోయి, మెడనరాలు తేలి, 50 కిలోల బస్తాను అలవోకగా ఎత్తుతూ, తాను మాత్రం కాటా ఎక్కితే బస్తాకంటే నాలుగైదు కిలోలు మించని యువకులు ఊరూరా ఉన్నారు.

కండబలానికి ఈ ప్రాంతం కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంపి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని కలియుగ భీముడనిపించుకున్నారు. సంక్రాంతికి సంగిడి రాళ్ళెత్తే పందాలు పల్లెలకు పాత అలవాటు. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో రెండు విధాల ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ గ్రామం పేరు చెబితే వెయిట్ లిఫ్టింగే గుర్తుకొస్తుంది. ఇటువంటి గడ్డమీద రోజూ బరువు మోసేవాడికి కండ పట్టకపోవడమేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

ఇది ఒంటి సోకు కోసం అడిగే ప్రశ్న కాదు. పోలీసు కానిస్టేబులు ఎంపికకు వెళ్ళే అబ్బాయికి 167.6 సెంటీమీటర్ల ఎత్తుతోపాటు 86.3 సెంటీమీటర్ల ఛాతీ ఉండాలి. గాలి పీలిస్తే అది మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. పగలు కూలి, రాత్రి చదువుతో పరీక్ష గట్టెక్కినవాడు చివరకు టేపు దగ్గర రెండు సెంటీమీటర్లకు తిరిగి వస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు.

పని తినేస్తున్నది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం 65 కిలోల మగమనిషి కూర్చుని పని చేస్తే రోజుకు 2,110 కాలరీలు చాలు. అదే మనిషి బరువైన శ్రమ చేస్తే 3,470 కావాలి. అంటే శ్రమ ఒక్కటే 1,360 కాలరీలు మింగుతుంది. ఇది దాదాపు నాలుగు వందల గ్రాముల బియ్యంతో సమానం. 55 కిలోల బరువున్న కలాసీకి అదే లెక్కన సుమారు 2,900 కాలరీలు పడతాయి. అంత తింటే ఉన్న బరువు నిలబడుతుంది, అంతే. కొత్తగా ఒళ్ళు రావాలంటే ఆపైన మరో మూడు నాలుగు వందలు రోజూ లోపలికి వెళ్ళాలి.

వెళ్ళడం లేదన్నదే అసలు సంగతి. చాలామంది కలాసీలు తాము బాగా తింటున్నామనే అనుకుంటారు. మధ్యాహ్నం కంచం నిండా గుట్టలా అన్నం తినేమాట నిజమే. కాని ఉదయం టీ, బీడీతో సరి. పదింటికి మళ్ళీ టీ, నాలుగింటికి మళ్ళీ టీ. టీ, బీడీ రెండూ ఆకలిని చంపుతాయి. రాత్రికి అలసట, దానిమీద చుక్క పడితే అన్నం సగంలోనే కంచంలో చెయ్యి కడుక్కోవడం. రోజు మొత్తం కూడితే ఒక పూట గుట్టెడు అన్నం తప్ప మిగిలింది తక్కువ.

రెండవ లోపం కంచంలోనే ఉంది. కిలో బియ్యంలో ఉండే మాంసకృత్తులు 70, 80 గ్రాములు. అవైనా కండకు అన్నివిధాలా చాలినవి కావు. పప్పుతో కలిస్తేనే వాటి లోటు తీరుతుంది. మామూలు మనిషికి కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని పోషకాహార సంస్థ చెబుతున్నది. కండ పెంచాలనుకునేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు ఉపయోగపడతాయని వ్యాయామ శాస్త్ర పరిశోధనలు తేల్చాయి. 55 కిలోల మనిషికి ఇది 66 నుంచి 88 గ్రాములు. పలుచటి చారు, పచ్చిమిరప తొక్కులతో తినే అన్నంలో ఇది రాదు.

మూడవది శరీర ధర్మం. ఒకే బరువును రోజూ మోస్తూ ఉంటే మొదటి కొద్ది నెలల్లో కాళ్ళు, నడుము దానికి తగినట్టు గట్టిపడతాయి. ఆపైన శరీరానికి ఆ బరువు అలవాటైపోతుంది. కొత్త కండ వేయవలసిన అవసరం దానికి కనబడదు. పెరిగేది ఓర్పు, కండ కాదు. పైగా బస్తా మోతలో పనంతా కాళ్ళది, వీపుది. ఛాతీకి, చేతుల వెనుక కండకు చేరేది స్వల్పం. టేపు దగ్గర కలాసీ కుర్రాడు ఓడిపోవడానికి కారణం ఇదే.

ఇంట్లో ఉన్నవాటితోనే

ఖరీదైన తిండి అక్కరలేదు. జిల్లాలో పండేవాటిలోనే కావలసినవి ఉన్నాయి. చోడిపిండి, ఉలవలు, కందులు, పెసలు, వేరుశెనగ, నువ్వులు, బెల్లం ఏ ఊళ్ళో కొట్టుకు వెళ్ళినా దొరుకుతాయి. వంద గ్రాముల కందిపప్పులోనో, ఉలవల్లోనో 22 గ్రాముల వరకు మాంసకృత్తులుంటాయి. వేరుశెనగ గింజల్లో 25 దాకా ఉంటాయి, నూనె బలం అదనం. కోడిగుడ్డు ఒక్కింటికి ఆరు. మీల్ మేకర్ అనే సోయా ముద్దలు చవకగా దొరుకుతాయి. వాటి బరువులో సగం మాంసకృత్తులే.

ఒక కలాసీ రోజు ఇలా గడిచిందనుకుందాం. తెల్లవారి పనికి పోయేముందు చోడి అంబలి, అందులో మజ్జిగ, రెండు ఉల్లిపాయలు. తొమ్మిది పదింటి మధ్య టీకి బదులుగా చద్దన్నం, ఉలవ గుగ్గిళ్ళు. మధ్యాహ్నం అన్నం, గట్టిపప్పు, ఆకుకూర, గుడ్డు. సాయంత్రం ఒక గుప్పెడు వేరుశెనగ గింజలు, చిన్న బెల్లం ముక్క. రాత్రి మళ్ళీ అన్నం, కూర, ఇంకో గుడ్డు, గట్టి పెరుగు. బియ్యం మొత్తం అరకిలో, చోడిపిండి వంద గ్రాములు, పప్పులు వంద, వేరుశెనగ యాభై, పాలు పెరుగు కలిపి పావులీటరు, వంటకు ఐదారు చెంచాల నూనె. కూడితే 3,400 కాలరీలకు దగ్గరగా, మాంసకృత్తులు 90 గ్రాములు దాటి వస్తాయి. ఇందులో కిలో బియ్యం అన్నం ఎక్కడా లేదని గమనించాలి. ఆదివారం కోడికూర, అప్పుడప్పుడు ఎండుచేప అదనపు బలం. ఇంట్లో పెద్దవాళ్ళు చేసే చిమ్మిలి, సున్నుండలు పండుగ పిండివంటలు మాత్రమే కావు. పనివాడి జేబులో రెండుంటే నాలుగింటి ఆకలికి బీడీకన్నా మేలు.

ఒక్కసారిగా ఎక్కువ తినలేనివారు పూటలు పెంచాలి. టీని భోజనానికి గంట ఎడంగా తాగడం మంచిది, అన్నంతోపాటే తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పనిలో చెమటతో పోయే నీటికి ఉప్పు వేసిన మజ్జిగను మించింది లేదు.

దండీలు, బస్కీలు

రోజంతా బస్తాలు మోసినవాడిని మళ్ళీ వ్యాయామం చేయమనడం కొందరికి వింతగా తోస్తుంది. కాని చేయవలసింది చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజులు, పని తేలికగా ఉన్నరోజు చూసుకొని, అరగంట చాలు. పాత తాలింఖానాల్లో చేయించిన దండీలు ఛాతీకి, భుజాలకు మంచి సాధనం. పది దండీలు తీయగలిగినవాడు పదిహేనుకు చేరాక కాళ్ళను అరుగుమీద పెట్టి తీయాలి. అదీ తేలికైతే వీపుకు ఇసుక సంచి కట్టుకోవాలి. చెట్టుకొమ్మ పట్టుకొని పైకి లేవడం వీపుకూ, చేతులకూ పనికివస్తుంది. బస్కీలు కలాసీలకు అంతగా అక్కరలేదు, పనిలోనే వాళ్ళ కాళ్ళకు కావలసినంత ఉంది. కిటుకంతా ఒక్కటే, వారం వారం కొంచెం కష్టం పెంచడం. నిన్నటి పదిహేనే ఏడాది పొడుగునా తీస్తే బస్తా కథే మళ్ళీ మొదలు.

పని వేళ నడుమును కాపాడుకోవడం కూడా ఇందులో భాగమే. మగ కార్మికుడు చేతులతో ఎత్తే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. పందెం కట్టి రెండేసి బస్తాలు నెత్తికెత్తుకోవడం వల్ల వచ్చేది కండ కాదు, వెన్నుపూస జారడం.

ఏడెనిమిది గంటల నిద్ర లేకపోతే పైన చెప్పిన తిండి, దండీలు సగం వృథా. అన్నీ కుదిరితే నెలకు కిలో, కిలోన్నర బరువు పెరగడం న్యాయమైన లెక్క. వారానికొకసారి, ఒకే రోజు, పరగడుపున మిల్లు కాటామీదే తూగవచ్చు. సాయంత్రం పని దిగాక తూగితే చెమట పోయిన తూకమే తేలుతుంది.

ఇంజెక్షన్ల వలలో పడవద్దు

ఓర్పు లేని కుర్రాళ్ళను పట్టుకొనేవారు ఊరూరా తయారయ్యారు. నెలలో ఒళ్ళు తెప్పిస్తామని ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడు మందు. దానితో ముఖం ఉబ్బుతుంది, బరువు చూపిస్తుంది. అది నీరూ కొవ్వూ తప్ప కండ కాదు. పైగా ఆ మందు కండను కరిగిస్తుంది, రక్తంలో చక్కెర పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఇప్పటికే మింగుతున్నవారు డాక్టరుకు చెప్పి క్రమంగా తగ్గించుకోవాలి. జిమ్ముల్లో పొడిచే కండ ఇంజెక్షన్లు వేరు రకం. అవి గుండెకు, కాలేయానికి చేటు, సంతానానికి అడ్డు. పౌడరు డబ్బాలను కూడా జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో వద్దన్నది. కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కంచు గెలిచారు. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి మందుల పరీక్షలో దొరికిపోయి పతకం పోగొట్టుకోగా, సంతోషిది రజతమైంది.

తిండి సరిగా ఉండీ బరువు తగ్గుతున్నవారు దండీలు కాదు, ముందు ఆసుపత్రి చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం క్షయకు గుర్తులు. కళ్ళె పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. చికిత్స సాగినంతకాలం పోషణకు ఇచ్చే నెలసరి సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000కి పెంచారు. చెప్పులు లేకుండా తడినేలలో తిరిగేవారికి కొంకి పురుగులు పట్టి నెత్తురు పీలుస్తాయి. వీటికి ఒక్క ఆల్బెండజోల్ మాత్ర చాలాసార్లు సరిపోతుంది. అతిదాహం, అతిమూత్రం ఉంటే చక్కెర చూపించుకోవాలి.

ఆడవారి మాట సాధారణంగా ఈ చర్చలో రాదు. ఇటుకలు మోసే, నాట్లు వేసే ఆడమనిషికి, 55 కిలోల బరువుంటే, రోజుకు 2,720 కాలరీలు కావాలి. చాలా ఇళ్ళలో ఆమె అందరూ తిన్నాక మిగిలిందే తింటుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కొడుకు ఛాతీ కోసం గుడ్లు కొనే ఇంట్లో తల్లికీ ఒకటి ఉడికించడం పెద్ద ఖర్చు కాదు.

ఇక కాలం చూసుకోవాలి. కొత్త ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో కలాసీలకు తీరిక ఉండదు, ఎంత తిన్నా బరువు పెరగడం కష్టం. దండీల సాధన వేసవిలో, పని పలచబడినప్పుడు మొదలుపెడితే మూడు నాలుగు నెలలు కలిసివస్తాయి. సీజను వచ్చాక వారానికి ఒక్కరోజుకు తగ్గించినా, తిండి తగ్గనంత వరకు, పట్టిన కండ నిలుస్తుంది.