యాప్ ఎవరి కోసం? కోడ్ రాయడానికి ముందు అడగాల్సిన ప్రశ్న

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్ కోర్సుల పక్కన బిజినెస్ అనలిస్ట్, స్క్రమ్, జిరా లాంటి పేర్లూ ఉంటాయి. బీకాం చదివిన పిల్లలు వీటివైపు ఎక్కువగా చూస్తారు. కోడింగ్ రాకపోయినా ఐటీలో ఉద్యోగం దొరుకుతుందన్నది వాళ్ల ఆశ. ఫీజు కట్టేది అమ్మీ, అబ్బా. కానీ పిల్లలు నేర్చుకునే పని ఏమిటంటే చాలా ఇళ్లలో జవాబు ఉండదు.

ఒక్క మాటలో చెప్పాలంటే ఆ పని వినడం. సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడతారో గుర్తించాలి, వాళ్లకు నిజంగా ఏం కావాలో తెలుసుకోవాలి, దాన్ని కోడ్ రాసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

షేర్వానీ, ట్రయల్

పాత పద్ధతిలో అవసరాలన్నీ మొదట్లోనే లావుపాటి పత్రంలో రాసి సంతకాలు పెట్టించేవాళ్లు. సాఫ్ట్‌వేర్ ఏడాదికో రెండేళ్లకో చేతికొచ్చేది. అప్పటికి అవసరమే మారిపోయి ఉండేది. కొలతలు ఒకసారి తీసుకుని, ట్రయల్ లేకుండా నికాహ్ రోజు పొద్దున షేర్వానీ తెచ్చిచ్చినట్టు. భుజం బిగుతైతే సరిచేయడానికి టైమ్ ఉండదు.

ఈ ఇబ్బంది చూసిన 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో కలిశారు. అక్కడ రాసుకున్నదే అజైల్ మేనిఫెస్టో. కొంచెం తయారు చేయడం, వాడేవాళ్లకు చూపించడం, వాళ్లు చెప్పింది విని మార్చడం, మళ్లీ ముందుకెళ్లడం దాని సారం. స్క్రమ్ పద్ధతిలో ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. అది నెల దాటకూడదు. చాలా టీమ్‌లు రెండు వారాలే పెట్టుకుంటాయి.

అయితే ఎన్ని ట్రయల్స్ వేసినా, కొలతలు వేరేవాళ్లవి తీసుకుంటే లాభం లేదు. అందుకే మొదటి మెట్టు వాడేవాళ్లను గుర్తించడం.

షాదీ ముబారక్: వాడేది ఎవరు?

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబర్ 2న మొదలైంది. పెళ్లి నాటికి అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, కుటుంబ ఆదాయం పరిమితి లోపల ఉండాలి. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో చేయాలి. ఇలాంటి పథకానికి కొత్తగా ఒక యాప్ చేయమన్నారని అనుకుందాం. దాన్ని వాడేది ఎవరు?

"పెళ్లికూతురు" అని చప్పున అనేస్తాం. కొంచెం ఆగి లెక్కపెడితే లిస్టు పెరుగుతుంది. చెక్కు వచ్చేది తల్లి పేరు మీద. చాలాసార్లు ఫారం నింపేది మీసేవ కేంద్రంలోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో కూర్చున్న ఆపరేటర్. కాగితాలు పరిశీలించేది తహసీల్దార్ ఆఫీసు సిబ్బంది. చెక్కుల పంపిణీ ఎమ్మెల్యే చేతుల మీదుగా జరుగుతుంది కాబట్టి ఆ ఆఫీసుకూ జాబితా కావాలి.

యాప్‌కు డబ్బులిచ్చేవాళ్లు, స్క్రీన్ మీద వేలు పెట్టేవాళ్లు, దాని ఫలితం అనుభవించేవాళ్లు వేర్వేరు మనుషులు. మీటింగుకు వచ్చేది మాత్రం సాధారణంగా మొదటివాళ్లే. మిగతా ఇద్దరిని వెతుక్కుంటూ వెళ్లడం అనలిస్ట్ పని. తల్లి లేని అమ్మాయి సంగతేంటి? ఫోన్ లేని తల్లికి మెసేజ్ ఎలా చేరుతుంది? లిస్టులో పేరు లేని మనిషి గురించి ఎవరూ అడగరు. నష్టపోయేది కూడా ఆ మనిషే.

"ఏం కావాలి?" అంటే చెప్పలేరు

"మీకు యాప్‌లో ఏం కావాలి?" అని అడిగితే "త్వరగా పనవ్వాలి" అంటారు. దాంతో ఏదీ తయారు చేయలేం. "పోయినసారి ఎలా చేశారు? ఏ కాగితం దగ్గర ఆగింది? అప్పుడేం చేశారు?" అని అడగాలి. జరిగిన సంగతి అడిగితే ఎవరైనా వివరంగా చెబుతారు.

అంతకన్నా మంచిది పక్కన కూర్చుని చూడటం. ఆపరేటర్ పక్కన ఓ గంట కూర్చున్నవాళ్లకు పేర్ల తిప్పలు తెలుస్తాయి. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఎండీ అని, పదో తరగతి మెమోలో మొహమ్మద్ అని, బ్యాంకు పాస్‌బుక్‌లో మహ్మద్ అని ఉంటుంది. నికానామాలో ఉర్దూలో ఉంటుంది. కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మనుషులు. మన ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలకు ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన విషయమే. కోర్సు పుస్తకంలో దొరకని ఈ తెలివి, అవసరాలు సేకరించేటప్పుడు చాలా పనికొస్తుంది.

మూడు ముక్కల్లో కథ

విన్నదాన్ని యూజర్ స్టోరీగా రాస్తారు. ఎవరు, ఏం కావాలి, ఎందుకు అనే మూడు ముక్కలుంటాయి. ఉదాహరణకు: "పెళ్లికూతురి తల్లిగా, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో నా ఫోన్‌కు ఉర్దూలోనో తెలుగులోనో తెలియాలి. అప్పుడు ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు."

చివరి ముక్క చాలా ముఖ్యం. ఎందుకో తెలిస్తే టీమ్ ఇంకో మంచి దారి చూపించవచ్చు. చదవడం రాని తల్లికి మెసేజ్ కంటే వాయిస్ కాల్ మేలు కదా.

ఈ స్టోరీలను ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన రాన్ జెఫ్రీస్ వీటికి మూడు భాగాలు చెప్పారు. అవి కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు మీద రాసింది గుర్తు కోసమే. అసలు పని మాట్లాడుకోవడంలో ఉంది. పని పూర్తయిందని ఎలా తేలుస్తామో కూడా ముందే ఒప్పుకోవాలి. వచ్చిన స్టోరీల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ప్రొడక్ట్ ఓనర్ నిర్ణయిస్తారు.

అవసరాలు మారుతూనే ఉంటాయి. షాదీ ముబారక్ సాయం రూ.51,000తో మొదలై, 2017లో రూ.75,116, 2018లో రూ.1,00,116 అయింది. "ఈ మొత్తం మారే అవకాశం ఉందా?" అని మొదట్లోనే అడిగి ఉంచుకున్న టీమ్‌కు ఇది ఐదు నిమిషాల పని. అడగని టీమ్ కోడ్ అంతా వెతుక్కోవాలి.

ఎల్బీనగర్‌లో ఒక హోంవర్క్

అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. నల్గొండ, విజయవాడ వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు చాలామంది ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కుతారు. పిల్లలు అక్కడ ఓ అరగంట నిలబడి, టికెట్ యాప్ చేయాలంటే ఎవరెవరిని అడగాలో రాసుకుని రావాలి. హాస్టల్ స్టూడెంట్, మూటలతో వచ్చిన పెద్దాయన, పిల్లలతో ఉన్న తల్లి, మొదటిసారి సిటీకి వచ్చినవాళ్లు, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు. పది పేర్లు దాటితే పని మొదలైనట్టే.

ఫీజు కట్టే ముందు పెద్దవాళ్లు కోచింగ్ సెంటర్‌లో ఒక్క ప్రశ్న అడగాలి: "మా పిల్లలతో నిజమైన మనుషులను అడిగించి, స్టోరీలు రాయించి, తప్పులు దిద్దుతారా?" జిరా అంటే కార్డులు పెట్టుకునే చోటు, కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. కార్డు మీద ఏం రాయాలో తెలియడానికే ఎక్కువ సాధన కావాలి. ఆ సాధన ఈరోజే, మామూ కిరాణా షాపులో ఉద్దెర ఖాతా పుస్తకం ఎలా రాస్తాడో పక్కన కూర్చుని చూడటంతో మొదలుపెట్టొచ్చు. దానికి ఫీజు లేదు.